పగలు ఎండపడే హాలు, రాత్రి చీకట్లో సినిమాలు: ఓలెడ్ తీసుకోవాలా, మినీ ఎల్‌ఈడీనా?

కిటికీపక్క

అందరికీ నమస్తే. 65 అంగుళాల టీవీ తీసుకుందామని తెగ చదువుతున్నా, చదివేకొద్దీ బుర్ర వేడెక్కడం తప్ప ఏమీ తేలట్లేదు. మా హాల్లో ఒకవైపు గోడంతా కిటికీనే, పగలు వెలుతురు దంచేస్తుంది, కర్టెన్ వేస్తే ఇంట్లో ఒప్పుకోరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాన్నగారి న్యూస్ ఛానెల్ నడుస్తూనే ఉంటుంది, రాత్రి అందరూ పడుకున్నాక లైట్లన్నీ ఆర్పేసి నేను సినిమాలు చూస్తా, మధ్యలో తమ్ముడి గేమింగ్ ఒకటి. ఒకళ్లేమో ఓలెడ్ తప్ప వేరేది ముట్టుకోవద్దు అంటారు, ఇంకొకళ్లేమో ఓలెడ్ అయితే మచ్చలు పడతాయి మినీ ఎల్‌ఈడీ తీసుకో అంటారు. షోరూమ్‌లో చూస్తే అన్నీ ఒకేలా మెరిసిపోతున్నాయి, పైగా అక్కడున్న కుర్రాడు "క్యూలెడ్ అంటే ఓలెడ్ తర్వాత వచ్చిన లేటెస్ట్ సార్" అన్నాడు. అది నిజమేనా? సోఫాకీ టీవీకీ మధ్య రెండున్నర మీటర్లు వస్తుంది.

జోన్‌లెక్కలు

ముందు ఆ క్యూలెడ్ ముచ్చట తేల్చేద్దాం. అది ఎల్‌సీడీనే బ్రో. ఆ మాటకొస్తే "ఎల్‌ఈడీ టీవీ" అని అమ్మేది కూడా ఎల్‌సీడీనే, పాత ఎల్‌సీడీల్లో వెనక సన్నటి ట్యూబులు వెలిగేవి, వాటి బదులు ఎల్‌ఈడీలు పెట్టారు అంతే తేడా. క్యూలెడ్‌లో నీలం ఎల్‌ఈడీల ముందు ఒక పల్చటి క్వాంటమ్ డాట్ ఫిల్మ్ ఉంటుంది, అందులో కొన్ని నానోమీటర్ల సైజు కణాలు, నీలం వెలుగు తగిలితే కాస్త పెద్దవి ఎరుపు ఇస్తాయి చిన్నవి ఆకుపచ్చ ఇస్తాయి. సైజుని బట్టి రంగు అన్నమాట, 2023లో బావెండి, బ్రూస్, ఎకిమోవ్ ముగ్గురికీ కెమిస్ట్రీ నోబెల్ ఈ క్వాంటమ్ డాట్స్ మీదే వచ్చింది. శామ్‌సంగ్ 2017 నుంచి ఈ పేరుతో అమ్ముతోంది. దీనివల్ల రంగులు చిక్కగా వస్తాయి, డౌట్ లేదు, కానీ నలుపు మాత్రం పిసరంత కూడా మెరుగుపడదు. నలుపు బాగుపడాలంటే వెనక లైట్‌ని ముక్కలు ముక్కలుగా ఆర్పగలగాలి. అది మినీ ఎల్‌ఈడీ చేసే పని, వెనక బాగా చిన్న ఎల్‌ఈడీలు పెట్టి, వాటిని జోన్లు అనే గుంపులుగా విడివిడిగా వెలిగిస్తుంది, ఆర్పుతుంది (దీన్నే లోకల్ డిమ్మింగ్ అంటారు).

నల్లనిపిక్సెల్

ముక్కలు ముక్కలుగా ఎందుకన్నా, పిక్సెల్ పిక్సెల్‌నీ ఆర్పేసేది ఒకటుంది కదా, ఓలెడ్ (అందులో వెనక లైటే ఉండదు, ప్రతి పిక్సెలూ సొంతంగా వెలుగుతుంది) 😀

@కిటికీపక్క, ఎల్‌సీడీలో వెనక లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న లిక్విడ్ క్రిస్టల్ దాన్ని అడ్డుకోవాలి. తలుపు ఎంత బిగించినా సందుల్లోంచి వెలుగొచ్చినట్టు కొంత కారుతూనే ఉంటుంది. ఎల్‌సీడీ ప్యానెళ్లలో ముఖ్యంగా రెండు రకాలు, ఐపీఎస్, వీఏ. ఐపీఎస్ ప్యానెల్ అయితే తెలుపుకీ నలుపుకీ తేడా (అదే కాంట్రాస్ట్) సుమారు 1000:1, వీఏ అయితే 3000 నుంచి 6000 దాకా. పగలు ఇది పట్టదు. రాత్రి లైట్లార్పి సినిమా పెట్టు, పైనా కిందా నల్లపట్టీలు ఉంటాయే, ఐపీఎస్‌లో అవి నలుపు కాదు, మబ్బు పట్టిన బూడిద రంగు. ఓలెడ్‌లో ఆ పట్టీలున్న చోట పిక్సెళ్లు ఆరిపోయి ఉంటాయి, టీవీ అంచు ఎక్కడ అయిపోయిందో గోడ ఎక్కడ మొదలైందో తెలీదు. రాత్రి సినిమాలు చూస్తా అంటున్నావ్, ఇంక ఆలోచన దేనికి.

పాతడబ్బా

ఈ నలుపు గొడవ కొత్తదేం కాదు నాయనా. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు చీకటి సీన్లలో బ్రహ్మాండంగా ఉండేవి, ఆ తర్వాత ప్లాస్మా. పయనీర్ వాళ్ల కురో ప్లాస్మా టీవీ చూసిన కళ్లకి తర్వాత వచ్చిన ఎల్‌సీడీలు ఏళ్ల తరబడి ఆనలేదు. కానీ ప్లాస్మా బరువు, కరెంటు లాగేది, వేడెక్కేది, పిక్సెల్ సైజు తగ్గించి 4కే చేయడం కష్టం, అన్నిటికీ మించి షోరూమ్ ట్యూబులైట్ల కింద ఎల్‌సీడీ పక్కన పెడితే వెలవెలబోయేది. పానసోనిక్ 2013లో ఆపేసింది, శామ్‌సంగ్, ఎల్‌జీ ఆ మరుసటి ఏడాది. బొమ్మ బాలేక చచ్చిపోలేదు ప్లాస్మా, అమ్మే చోట లైటింగ్‌లో ఓడిపోయింది సగం.

జోన్‌లెక్కలు

పాతడబ్బా గారూ, సరిగ్గా ఆ లైటింగ్ పాయింటే నేను చెప్పబోతున్నా. ఆయన హాల్లో పగలు ఉన్నది షోరూమ్ లైటింగ్‌కి అక్కలాంటిది.

ఓలెడ్‌కి "ఇన్‌ఫినిట్ కాంట్రాస్ట్" అని గొప్పగా చెప్తారు కదా, ఒక చిన్న లెక్క వేద్దాం. కిటికీ వెలుతురు తెర మీద పడి 2 నిట్లు (నిట్ అంటే తెర వెలుగుని కొలిచే యూనిట్) వెనక్కి కొడుతోంది అనుకో. ఓలెడ్ నలుపు సున్నా అయినా నీ కంటికి చేరేది 2 నిట్లు. న్యూస్ ఛానెల్ లాంటి తెల్లగా నిండిన తెర మీద చాలా ఓలెడ్‌లు కరెంటు పరిమితి వల్ల వెలుగు తగ్గించేసి 150-250 నిట్ల దగ్గర ఆగిపోతాయి, సరే 200 అనుకుందాం. అంటే 202 బై 2, నీ ఇన్‌ఫినిటీ కాస్తా 100:1 అయింది. అదే గదిలో మినీ ఎల్‌ఈడీ 600 నిట్లు ఇస్తే, దాని నలుపు కాస్త కారినా, సుమారు 300:1 వస్తుంది. పగలు గెలిచేది ఎవరో చెప్పు?

నల్లనిపిక్సెల్

తెర మొత్తం తెల్లగా ఉండే సీన్ సినిమాలో ఎంతసేపు ఉంటుంది అన్నా. చిన్న హైలైట్లలో ఇప్పటి మంచి ఓలెడ్‌లు 1000 నిట్లు సునాయాసంగా దాటుతున్నాయి. 2023లో మైక్రో లెన్స్ ఎరే పెట్టాక ఇంకా పెరిగింది, పిక్సెళ్ల మీద కంటికి కనపడనంత చిన్న కటకాలు పెట్టి లోపల చిక్కుకుపోయే వెలుగుని బయటికి తెచ్చారు.

జోన్‌లెక్కలు

సినిమా సంగతి కాదు నేను చెప్పేది, న్యూస్ సంగతి. ఆయన టీవీ ఎక్కువ గంటలు నడిచేది దాంతోనే.

సోఫాసింహం

మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. మీరిద్దరూ ఇన్‌ఫినిటీలు కొట్టుకునే లోపు నాకొక డౌట్, వెయ్యి జోన్లు రెండు వేల జోన్లు అంటారే, అంత ఉన్నాక ఇంక ఓలెడ్‌తో సమానమే కదా?

నల్లనిపిక్సెల్

ఎక్కడి సమానం బ్రో. 4కే అంటే 3840×2160, దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. వెయ్యి జోన్లుంటే ఒక్కో జోన్ కింద 8,300 పిక్సెళ్లు. వాటిల్లో ఒక్క నక్షత్రం వెలగాలన్నా ఆ జోన్ మొత్తం వెలగాలి, చుట్టూ తెల్లటి పొగలాగా కనపడుతుంది, అదే బ్లూమింగ్. తెలుసుకోవాలంటే సబ్‌టైటిల్స్ ఆన్ చేసి చీకటి సీన్ పెట్టు. అక్షరాలు వచ్చినప్పుడల్లా కింద నల్లపట్టీ ఒక మోస్తరు బూడిద రంగుకి లేస్తుంది, అక్షరాలు పోగానే అర సెకను ఆగి మళ్లీ నల్లబడుతుంది. ఒకసారి గమనించావంటే ఇక కథ మీద ధ్యాస ఉండదు, పట్టీ మీదే ఉంటుంది.

జోన్‌లెక్కలు

అది జోన్ల సంఖ్య కన్నా వాటిని నడిపే ప్రాసెసింగ్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. కొన్ని కంపెనీలు తక్కువ జోన్లతోనే శుభ్రంగా నడుపుతాయి, కొన్ని రెండింతలు జోన్లు పెట్టి కూడా లైట్ ఎప్పుడు పెంచాలో ఎప్పుడు తగ్గించాలో తెలీక తడబడతాయి. అలాగే ప్యానెల్ వీఏ అయితే ముందే కాంట్రాస్ట్ ఎక్కువ కాబట్టి బ్లూమింగ్ తక్కువ, ఐపీఎస్ మీద లోకల్ డిమ్మింగ్ పెడితే బాగా బయటపడుతుంది. మినీ ఎల్‌ఈడీతో టీవీ మొదట అమ్మింది 2019లో టీసీఎల్, అప్పటికీ ఇప్పటికీ చాలా తేడా ఉంది. "లోకల్ డిమ్మింగ్" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, ఎడ్జ్ లిట్ టీవీల్లో ఎల్‌ఈడీలు అంచున మాత్రమే ఉంటాయి, అక్కడ జోన్ అంటే పైనుంచి కింద దాకా ఒక నిలువు పట్టీ. చీకటి సీన్‌లో కొవ్వొత్తి వెలిగిస్తే దాని పైనా కిందా స్తంభంలా వెలుగొస్తుంది. అలాంటివాటిలో డిమ్మింగ్ ఆఫ్ చేసుకోవడమే మేలు.

కిటికీపక్క

అబ్బో చాలా తెలిసింది, థాంక్స్ అందరికీ. ఇంకో రెండు విషయాలు. కిటికీ టీవీకి ఎదురుగా కాదు, పక్క గోడకి ఉంది. రెండోది, నాన్నగారి కుర్చీ సోఫాలో కాదు, బాగా పక్కకి ఉంటుంది, ఆయన టీవీని ఏటవాలుగా చూస్తారు. దీనివల్ల ఏమైనా మారుతుందా?

నల్లనిపిక్సెల్

మారుతుంది, నా వైపుకి 😀 వీఏ ప్యానెల్‌ని పక్కనుంచి చూస్తే రంగులు కడిగేసినట్టు పాలిపోతాయి. ఓలెడ్ ఎటునుంచి చూసినా దాదాపు ఒకటే.

గ్రేడింగ్‌గది

వీడియో కలర్ గ్రేడింగ్ (వీడియోలో రంగులూ వెలుగూ సరిచేయడం) నా పని, అందుకని రెండు ముక్కలు. కిటికీ పక్కన ఉండటం అదృష్టమే, ఎదురుగా ఉంటే ఏ టీవీ అయినా అద్దమే. కానీ ఓలెడ్ అనగానే అన్నీ ఒకటి కాదు, అది చూసుకోండి. ఎల్‌జీ డిస్‌ప్లే చేసే రకంలో తెల్లటి వెలుగు, ముందు రంగు ఫిల్టర్లు, వాటితో పాటు నాలుగోది ఉత్త తెల్ల సబ్‌పిక్సెల్ (పిక్సెల్‌లో ఒక ముక్క). బాగా ప్రకాశవంతమైన రంగుల్లో ఆ తెలుపు కలిసి రంగు కొంచెం పలచబడుతుంది. 2022లో వచ్చిన క్యూడీ ఓలెడ్‌లో నీలం వెలుగుని క్వాంటమ్ డాట్స్‌తో ఎరుపు, ఆకుపచ్చగా మారుస్తారు, తెల్ల సబ్‌పిక్సెల్ ఉండదు, వెలుగెక్కువున్న చోట కూడా రంగు నిండుగా నిలబడుతుంది. ఐతే దానికి ముందు పోలరైజర్ (బయటి వెలుతురు తిరిగి కొట్టకుండా ఆపే పొర) లేదు, అందుకని గదిలో వెలుతురుంటే నలుపు మీద ఊదా ఛాయ బూడిదలా తేలుతుంది. చీకటి గదిలో రెండూ అద్భుతం. మీ హాల్లో పగలు క్యూడీ ఓలెడ్ పెడితే దాని గొప్పంతా కిటికీయే తినేస్తుంది.

ఈ చర్చలో ఎవరూ ఎత్తనిది ఇంకోటి. షోరూమ్‌లో అన్నీ ఒకేలా మెరిసిపోయాయి అన్నారు కదా, అవన్నీ వివిడ్ మోడ్‌లో ఉంటాయి, నీలం ఛాయ పెంచి, షార్ప్‌నెస్ పెంచి, వెలుగు చివరిదాకా తోసి. ఆ మోడ్‌లో పోల్చి కొనేవాళ్లు టీవీల్ని పోల్చట్లేదు, ఆ కంపెనీ వాళ్ల వివిడ్ ప్రీసెట్లని పోలుస్తున్నారు. మేము గ్రేడ్ చేసేటప్పుడు తెలుపు డీ65 అనే ప్రమాణం, అంటే సుమారు 6500 కెల్విన్, మామూలు ఎస్‌డీఆర్‌కి (వెలుగు పరిధి తక్కువుండే పాత పద్ధతి వీడియోకి) చీకటి గదిలో తెలుపు 100 నిట్లు. షోరూమ్ తెలుపు దీనికి ఆమడ దూరం.

సోఫాసింహం

అక్కా 100 నిట్లేనా?? మరి ఈ 2000, 3000 నిట్ల పోటీ ఎందుకు?

గ్రేడింగ్‌గది

అది హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగు పరిధి ఎక్కువుండే వీడియోలో. హెచ్‌డీఆర్ పీక్యూ అనే కర్వ్ (సిగ్నల్‌లో ఏ అంకెకి ఎంత వెలుగో చెప్పే లెక్క) మీద నడుస్తుంది, అది 10,000 నిట్ల దాకా కొలవగలదు, కానీ ఎక్కువ కంటెంట్‌ని 1000 లేదా 4000 నిట్ల మాస్టరింగ్ మానిటర్ మీద చేస్తారు. అందులోనూ మనుషుల ముఖాలు, గోడలు, బట్టలు, ఇవన్నీ 200 నిట్ల లోపే తిరుగుతాయి. పైనున్నదంతా మెరుపులకి: లోహం మీద ఎండ తళుకు, మంట, హెడ్‌లైటు. అంటే హెచ్‌డీఆర్ అంటే బొమ్మ మొత్తం కాంతివంతం కావడం కాదు, మెరవాల్సింది మెరవడం.

ఇంకోటి, కంటికి వెలుగు సూటి లెక్కలో తెలీదు. 500 నుంచి 1000కి వెళ్తే రెండింతలు అనిపించదు, కొంచెం ఎక్కువ అనిపిస్తుంది. 1800కీ 2200కీ మధ్య తేడా కోసం కొట్టుకోవడం అనవసరం. అదే 0.05 నిట్ల నలుపుకీ సున్నాకీ తేడా చీకటి గదిలో వెంటనే పట్టేస్తారు.

చవక టీవీల మీద "హెచ్‌డీఆర్ 10 సపోర్ట్" అని ఉంటే దానర్థం సిగ్నల్ తీసుకుంటుందనే. 300 నిట్లు, డిమ్మింగ్ లేని టీవీలో హెచ్‌డీఆర్ పెడితే చాలాసార్లు ఎస్‌డీఆర్ కన్నా మసగ్గా ఉంటుంది. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్ 10 ప్లస్ అనే హెచ్‌డీఆర్ ఫార్మాట్లు సీన్ సీన్‌కీ వెలుగు సమాచారం పంపుతాయి, వెలుగు తక్కువున్న టీవీకి అది కాస్త సాయం. శామ్‌సంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, మీకు అది ముఖ్యమైతే గుర్తుంచుకోండి. నాకైతే ఫార్మాట్ పేరు చూసి టీవీ ఎంచుకోవడం అర్థం కాని పని.

ఫ్రేమ్‌రేటు

అందరూ నిలబడ్డ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు, కదిలే బొమ్మ సంగతేంటి మాస్టారూ?

పిక్చర్ ట్యూబ్‌లో ప్రతి ఫ్రేమూ ఒక్క క్షణం మెరిసి ఆరిపోయేది, అందుకే కదలిక అంత స్పష్టంగా ఉండేది. ఎల్‌సీడీ, ఓలెడ్ రెండూ ఫ్రేమ్‌ని తర్వాతది వచ్చేదాకా పట్టుకుని ఉంటాయి. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. తెర మీద ఒక బంతి సెకనుకి 960 పిక్సెళ్లు పోతోందనుకోండి, కన్ను దాని వెంట సాఫీగా కదుల్తూ ఉంటుంది, బొమ్మ మాత్రం ఆగి ఉంటుంది, దాంతో 16 పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది. ప్యానెల్ ఎంత స్పీడుదైనా ఈ మసక పోదు. 120 ఫ్రేములు నిజంగా వస్తే 8కి తగ్గుతుంది. నిజంగా అని ఎందుకన్నానంటే 120 హెర్ట్జ్ (సెకనుకి 120 సార్లు బొమ్మ మార్చే) టీవీలో 60 ఫ్రేముల మ్యాచ్ పెడితే అదే ఫ్రేమ్ రెండుసార్లు చూపిస్తుంది, లాభం ఏమీ లేదు. "మోషన్ రేట్ 240" లాంటి నంబర్లు బాక్స్ మీద చూస్తే పట్టించుకోకండి, ప్యానెల్ 60దా 120దా అది అడగండి.

మధ్యలో నల్ల ఫ్రేమ్ దూర్చే ఆప్షన్ కొన్నిటిలో ఉంటుంది, మసక తగ్గుతుంది, వెలుగు కూడా దాదాపు సగం పోతుంది, కొందరికి మిణుకుమిణుకు కనపడి తలనొప్పి.

పాతడబ్బా

చెప్పానా ట్యూబ్ గొప్పది అని.

ఫ్రేమ్‌రేటు

గొప్పదే సార్, 65 అంగుళాల ట్యూబ్ మోసుకొచ్చేవాళ్లు దొరికితే 😂

ఇంకా ఉంది, ఓలెడ్ వాళ్లు చెప్పని సంగతి. సినిమా 24 ఫ్రేములు, ఒక్కోటి 41.7 మిల్లీసెకన్లు. ఓలెడ్ పిక్సెల్ ఠక్కున మారుతుంది, మారి అక్కడే నిలబడిపోతుంది, మళ్లీ ఠక్. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్‌లో బొమ్మ గంతులేసినట్టు ఉంటుంది. ఎల్‌సీడీ కాస్త బద్ధకంగా మారుతుంది కాబట్టి ఆ గంతు కొంచెం కప్పబడిపోతుంది. ఇది లోపం అనాలో స్పీడు ఎక్కువైన ఫలితం అనాలో మీ ఇష్టం. 60 హెర్ట్జ్ టీవీ అయితే ఇంకో తలనొప్పి, 24ని 60లో ఇరికించడానికి ఒక ఫ్రేమ్ మూడుసార్లు తర్వాతది రెండుసార్లు చూపిస్తుంది, నడక కుంటుతుంది. 120లో ప్రతిదీ ఐదుసార్లు, సమంగా.

గంతులు పోగొట్టడానికి స్మూతింగ్ ఆన్ చేస్తే టీవీ లేని ఫ్రేముల్ని పుట్టిస్తుంది, సినిమా కాస్తా సీరియల్ లాగా అయిపోతుంది. 2018లో టామ్ క్రూజ్ అంతటివాడు కూర్చుని ఇది ఆఫ్ చేయండి బాబూ అని వీడియో పెట్టాడు, మరుసటేడు ఫిల్మ్‌మేకర్ మోడ్ (ఇలాంటి మార్పులన్నీ ఆపేసే సెట్టింగ్) వచ్చింది. నా మటుకు నేను ఓలెడ్ మీద స్మూతింగ్‌ని చాలా తక్కువ లెవెల్‌లో పెట్టుకుంటా, 10లో 2 అనుకోండి. పూర్తిగా ఆఫ్ చేస్తే ఆ గంతులు నాకు భరించరానివి. ప్యూరిస్టులు తిట్టుకోవచ్చు.

గ్రేడింగ్‌గది

తిట్టను గానీ ఒప్పుకోను 🙂

కిటికీపక్క

తమ్ముడు ఇప్పుడే చదివి "గేమింగ్‌కి ఏది" అని అడగమన్నాడు. అలాగే నా అసలు భయం బర్న్ ఇన్. నాన్నగారి ఛానెల్‌లో కింద స్క్రోలింగ్, మూలన ఎర్ర లోగో, ఎప్పుడూ ఉంటాయి.

ఫ్రేమ్‌రేటు

తమ్ముడికి: ఓలెడ్ రెస్పాన్స్‌కి ఏదీ సాటి రాదు, వీఏలో చీకటి రంగుల మధ్య మార్పు నెమ్మది, నల్లటి తోక ఈడ్చుకొస్తుంది. మినీ ఎల్‌ఈడీ అయినా గేమ్ మోడ్ ఆన్ ఉంటే లాగ్ (బటన్ నొక్కాక తెర మీద కనపడటానికి పట్టే ఆలస్యం) పెద్ద సమస్య కాదు, ఐతే కొన్నిటిలో గేమ్ మోడ్‌లో డిమ్మింగ్ నాణ్యత పడిపోతుంది, అది రివ్యూల్లో చూసుకోమను. 4కే 120కి హెచ్‌డీఎంఐ 2.1 పోర్ట్ కావాలి, చాలా టీవీల్లో నాలుగు పోర్టుల్లో రెండే అలాంటివి, వాటిల్లో ఒకటి సౌండ్‌బార్ పెట్టుకునే ఈఆర్క్ పోర్టే అయి ఉంటుంది. అక్కడ ఇరుక్కుంటారు.

జోన్‌లెక్కలు

బర్న్ ఇన్ అంటే ఒక రోజులో పడే మచ్చ కాదు, అరుగుదల. ఓలెడ్‌లో ప్రతి సబ్‌పిక్సెల్ వెలిగిన గంటలు, ఎంత వెలుగుతో వెలిగిందో దాన్ని బట్టి అరుగుతుంది. ఎర్ర లోగో ఉన్న చోట ఎర్ర సబ్‌పిక్సెళ్లు పక్కవాటికన్నా ఎక్కువ అరిగి, ఎన్నో వేల గంటల తర్వాత అక్కడ వేరే రంగు వేసినా లోగో నీడ కనపడుతుంది. సినిమాలు, సీరియళ్లు, గేములు మార్చి మార్చి చూసేవాళ్లకి ఇది మామూలుగా రాదు. రోజంతా ఒకే న్యూస్ ఛానెల్, అది కూడా పగటి వెలుతురులో బ్రైట్‌నెస్ పెంచుకుని? అదే ఓలెడ్‌కి అన్నిటికన్నా చెడ్డ వాడకం.

నల్లనిపిక్సెల్

ఇక్కడ నేనూ వాదించను. కాకపోతే ఓలెడ్ ఉన్నవాళ్లందరికీ ఒక మాట, రిమోట్‌తో ఆఫ్ చేశాక గోడ స్విచ్ కూడా ఆపేసే అలవాటు ఉంటే మానుకోండి. కొన్ని గంటల వాడకం తర్వాత టీవీ స్టాండ్‌బైలో ఉన్నప్పుడు తనంతట తనే ఒక కాంపెన్సేషన్ సైకిల్ నడుపుకుంటుంది, ఏ పిక్సెల్ ఎంత మారిందో కొలిచి సరిచేస్తుంది. ఆఫ్ చేసిన కొన్ని నిమిషాలకి లోపల చిన్న క్లిక్ సౌండ్ వినపడుతుందే, అదే. గోడ దగ్గర కరెంటు తీసేస్తే అది ఎప్పటికీ నడవదు, ఆ తర్వాత ప్యానెల్ పాడైందని కంపెనీని తిట్టడం.

ఐనా ఎల్‌సీడీ అంటే చావు లేనిది అనుకోకండి. టీవీల్ని పరీక్షించే ఆర్‌టింగ్స్ సైట్ వాళ్లు వంద టీవీల్ని వరసగా నడిపి చూసిన టెస్ట్‌లో ఎడ్జ్ లిట్ ఎల్‌సీడీలు చాలా ఇబ్బంది పడ్డాయి, అంచున ఎల్‌ఈడీల వేడంతా ఒకే చోట చేరి లోపలి షీట్లు వంగడం, లైట్ గైడ్ ప్లేట్ (అంచు వెలుగుని తెరంతా పరిచే పలక) పగలడం. సన్నగా అందంగా ఉంది కదాని ఎడ్జ్ లిట్ తీసుకోవడం కన్నా కాస్త లావుగా ఉన్న ఫుల్ ఎరే (తెర వెనకంతా ఎల్‌ఈడీలు ఉండేది) నయం.

సోఫాసింహం

మరి 8కే తీసుకుంటే? ఎలాగూ ఖర్చు పెడుతున్నాడు కదా పాపం.

గ్రేడింగ్‌గది

ఆయన చెప్పిన దూరంతో లెక్క వేద్దాం. మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా విడదీసి చూడగలదు అని లెక్క. 65 అంగుళాల తెర వెడల్పు సుమారు 144 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీ అయితే పిక్సెల్ 0.75 మిల్లీమీటర్లు, అది విడిగా కనపడాలంటే 2.6 మీటర్ల లోపు కూర్చోవాలి. 4కే పిక్సెల్ అందులో సగం, దానికి 1.3 మీటర్ల లోపు. ఆయన కూర్చునేది 2.5 మీటర్ల దగ్గర. అంటే ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడానే ఆ దూరంలో అంతంతమాత్రం, 8కే ఐతే బాక్స్ మీద స్టిక్కర్‌కే పనికొస్తుంది. పైగా స్ట్రీమింగ్ 4కే మామూలుగా 15-25 ఎంబీపీఎస్, 4కే బ్లూరే డిస్క్ 100 దాటి వెళ్లగలదు. చీకటి సీన్లలో గోడల మీద మెట్లు మెట్లుగా పట్టీలు, గడులు కనపడితే చాలామంది టీవీని అనుమానిస్తారు, సగం సార్లు అది బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) కక్కుర్తి. ఎనిమిది బిట్లంటే ఒక్కో రంగుకి 256 మెట్లు, పది బిట్లంటే 1024, ఆకాశం లాంటి సాఫీ ఛాయల్లో ఆ తేడా తెలుస్తుంది, కానీ పంపేటప్పుడే నలిపేస్తే పది బిట్ల ప్యానెల్ ఏం చేస్తుంది.

డబ్బు పెట్టాలనుంటే రిజల్యూషన్ మీద కాదు, జోన్ల మీద పెట్టండి, ఫుల్ ఎరే, మంచి ప్రాసెసింగ్.

పాతడబ్బా

అమ్మాయి చెప్పినదానికి నా ఓటు. ఇంతకీ ఆ ఆర్‌జీబీ మినీ ఎల్‌ఈడీ అంటున్నారు, దానికోసం ఆగమంటారా అబ్బాయిని?

జోన్‌లెక్కలు

వెనక నీలం ఎల్‌ఈడీల బదులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ విడివిడిగా పెట్టే పద్ధతి సార్. హైసెన్స్ 2025 మొదట్లో 116 అంగుళాలది చూపించింది, అదే ఏడాది శామ్‌సంగ్ 115ది తెచ్చింది. రంగుల పరిధి ఇంకా పెరుగుతుంది, కానీ ఒకే జోన్‌లో రెండు గాఢమైన రంగులు పక్కపక్కన పడితే ఒకదాని ఛాయ ఇంకోదానిలోకి కారే ప్రమాదం ఉంది, మూలాన ఉన్నది జోన్ల కథే కదా. టీవీల్లో ఆగడం మొదలెడితే ఎప్పటికీ ఆగుతూనే ఉండాలి. సోనీ 11 అంగుళాల ఓలెడ్ 2007లో అమ్మింది, ఎల్‌జీ 55 అంగుళాలది 2013కి గానీ రాలేదు. మైక్రో ఎల్‌ఈడీ (ప్రతి పిక్సెలూ సొంతంగా వెలిగే చిన్న ఎల్‌ఈడీలతో చేసేది) కోసం 2018 నుంచి ఆగుతున్నవాళ్లు ఇంకా ఆగుతున్నారు.

కిటికీపక్క

సరే, ఇంట్లో మాట్లాడా. నాన్నగారి న్యూస్ తగ్గే ప్రసక్తే లేదు, కాబట్టి వీఏ ప్యానెల్ మినీ ఎల్‌ఈడీ, ఫుల్ ఎరే, 120 హెర్ట్జ్ వైపు వెళ్తున్నా. ఆయన పక్కనుంచి చూస్తే పాలిపోతుంది అన్నది ఒక్కటే మిగిలింది.

నల్లనిపిక్సెల్

మనసు ఒప్పట్లేదు గానీ నీ ఇంటికి అదే కరెక్ట్. పక్కనుంచి పాలిపోయేది న్యూస్ కదా, యాంకర్ కోటు రంగు రెండు ఛాయలు తగ్గితే కొంపలేం మునగవు. సినిమా చూసేటప్పుడు నువ్వు మధ్యలోనే కూర్చుంటావ్. అంతగా అయితే టీవీని తిప్పగలిగే వాల్ మౌంట్ పెట్టించు, ఆయన చూసేటప్పుడు అటు తిప్పుకుంటారు. కొన్ని మోడళ్లలో వైడ్ యాంగిల్ పొర వేస్తారు, దానివల్ల ఎదురుగా చూసే కాంట్రాస్ట్ తగ్గుతుంది, నీకు రాత్రి అదే ముఖ్యం కాబట్టి వద్దు.

ఒక్కటి మాత్రం చెయ్, తెర వెనక గోడ మీద పడేలా సన్నటి తెల్ల లైట్ పెట్టుకో, 6500 కెల్విన్‌ది, బాగా డిమ్‌గా. చీకట్లో బ్లూమింగ్ సగం కనపడకుండా పోతుంది, కళ్లకీ హాయి.

గ్రేడింగ్‌గది

టీవీ వచ్చాక పగటికి ఒక మోడ్, రాత్రికి ఒక మోడ్ విడిగా సెట్ చేసుకోండి. రాత్రికి ఫిల్మ్‌మేకర్ లేదా సినిమా మోడ్, కలర్ టెంపరేచర్ వార్మ్, మొదటి రెండు మూడు రోజులు పచ్చగా పసుపుగా అనిపిస్తుంది, కన్ను అలవాటు పడ్డాక పాత సెట్టింగ్ నీలంగా కనపడుతుంది. షార్ప్‌నెస్ తగ్గించండి, అక్షరాల చుట్టూ తెల్లటి గీత పోయేదాకా. ఓవర్‌స్కాన్ (బొమ్మ అంచులు కత్తిరించి పెద్దది చేయడం) ఆఫ్. పవర్ సేవింగ్ ఆఫ్, లేకపోతే హెచ్‌డీఆర్ చీకటిగా ఉందని మళ్లీ ఇక్కడికే వచ్చి అడుగుతారు. పగటికి స్టాండర్డ్ మోడ్‌లో బ్యాక్‌లైట్ పెంచండి, నాన్నగారికి అది చాలు.

చాలామందికి తెలియనిది, ఎస్‌డీఆర్‌కి, హెచ్‌డీఆర్‌కి, డాల్బీ విజన్‌కి టీవీ సెట్టింగ్స్ వేరువేరుగా దాచుకుంటుంది. న్యూస్ చూస్తూ అన్నీ మార్చేసి అయిపోయింది అనుకుంటారు, రాత్రి హెచ్‌డీఆర్ సినిమా పెడితే అది మళ్లీ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే ఉంటుంది. హెచ్‌డీఆర్ ఏదో ఒకటి ప్లే చేస్తూ ఆ మెనూలోకి ఇంకోసారి వెళ్లండి. ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్ట్‌కి కూడా విడిగా ఉండొచ్చు, "అన్ని ఇన్‌పుట్‌లకీ వర్తింపజేయి" లాంటి ఆప్షన్ ఉందేమో చూడండి, తమ్ముడి కన్సోల్ పోర్ట్ తప్ప. అది గేమ్ మోడ్‌లోనే ఉంచాలి.

కిటికీపక్క

నోట్ చేసుకున్నా అక్కా. ఫుల్ ఎరే అవునో కాదో షోరూమ్‌లో ఎలా కనిపెట్టాలి, బాక్స్ మీద రాయరట?

జోన్‌లెక్కలు

రిమోట్ అడిగి తీసుకుని మెనూ తెరువు, బ్యాక్‌గ్రౌండ్ నల్లగా ఉండే వీడియో ఏదైనా పెట్టి తెల్లటి మెనూ పెట్టె చుట్టూ చూడు. డిమ్మింగ్ ఆప్షన్ మెనూలో హై, లో అని ఉంటే మార్చి మార్చి చూడు. వెలుగు పెట్టె చుట్టూ గుండ్రంగా పాకితే ఫుల్ ఎరే, తెర పైనుంచి కింద దాకానో ఈ చివర నుంచి ఆ చివర దాకానో పట్టీగా లేస్తే ఎడ్జ్. అసలేమీ మారకపోతే డిమ్మింగ్ లేనట్టే, లేదా అది షాప్ డెమో మోడ్‌లో ఉంది, హోమ్ మోడ్‌కి మార్చమని అడుగు. మార్చం అంటే ఇంకో షాపుకి పో.